అల్లుడుగారి అఫిడవిట్

గోపాలపట్నంలో మా వీధికొచ్చి నోరున్న మనిషెవరని అడిగితే ఎవరైనా గౌరీశ్వరి పిండి దుకాణమే చూపిస్తారు. కూరల బండివాడు కాటా ఎత్తితే ఆమె కళ్లు కాటా మీద, నోరు వాడి మీద ఉంటాయి. కరెంటు పోతే లైన్‌మన్‌కి ఫోన్ చేసేది ఆమే, కుళాయి దగ్గర తగువు తీర్చేది ఆమే, ఆ తగువు పెట్టింది కూడా సగం సార్లు ఆమే. అలాంటి మనిషి ఒక ప్రశ్నకు నిజం చెప్పి చెడిపోయింది. నిజం చెప్పి చెడిపోయినవాళ్లను నేను చూడకపోలేదు. తలెత్తుకుని, గొప్పగా చెప్పి చెడిపోయినదాన్ని మాత్రం ఈమెనే చూశాను.

నా పేరు దయానందం. ఆమె దుకాణం పక్క గది నాది. జిరాక్సు, ఆన్‌లైన్, అన్ని రకాల అప్లికేషన్లు అని బోర్డు పెట్టుకున్నాను. గోడకు అవతల ఆమె గ్రైండర్లు తిరుగుతుంటాయి, ఇవతల నా ప్రింటరు మూలుగుతుంటుంది. ఆమె భర్త గురునాథరావు నన్ను బావ అంటాడు, నేనూ అతన్ని బావ అంటాను. ఆ లెక్కన నేను ఆమెకు అన్నయ్యని. మేం చర్చికి వెళ్తాం, వాళ్లు సింహాచలం కొండెక్కుతారు. వరస కలుపుకోవడానికి అది ఏనాడూ అడ్డం రాలేదు.

ఆమె పుట్టింది పద్మనాభం దగ్గర ఒక పల్లెలో. తండ్రికి కొద్దిగా వరి పొలం ఉండేది. పెళ్లై పట్నం వచ్చాక ఇంటి గుమ్మంలో ఒక్క రుబ్బురోలు పెట్టుకుని ఇడ్లీపిండి అమ్మడం మొదలుపెట్టింది. ఆ రోలు ఇప్పుడు దుకాణంగా మారింది. గురునాథరావు పోర్టులో కాంట్రాక్టు కింద బొగ్గు లారీలకు టోకెన్లు ఇస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెవుల్లో బొగ్గు కడుక్కుని, కాఫీ తాగి, మంచం మీద కూర్చుంటాడు. మాటలన్నీ భార్యకి రాసిచ్చేసిన మనిషి. వాళ్లకు ఒక్కతే కూతురు, సాయిదుర్గ. అల్లుడు కార్తీక్‌ది అనకాపల్లి వైపు. దూరదేశంలో పెద్ద పెద్ద శీతల గిడ్డంగుల్లో మిషన్లు బాగుచేసే పని అతనిది.

ఏ దేశమో చెప్పను. చెప్పానంటే మీలో ఒకరు వెంటనే లేచి, మా వాళ్లకి అక్కడ వీసా ఇట్టే వచ్చేసిందండీ అంటారు. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

గౌరీశ్వరి పుట్టినింటి వైపు ఒక కట్టుబాటు ఉంది. అత్త అల్లుడి ఎదుట పడకూడదు, అల్లుడితో మాట్లాడకూడదు. పూర్వం అన్ని పల్లెల్లోనూ ఉండేదే. ఇప్పుడు చాలామంది ఒగ్గేశారు. అల్లుడి బండి వెనక కూర్చుని సినిమాకెళ్లే అత్తల్ని నేను మా వీధిలోనే చూస్తున్నాను. ఈమె మాత్రం ఒగ్గలేదు. అల్లుడు ఇంటికొస్తే వంటంతా చేసి, తలుపు చాటున నిలబడి, కొంగు తల మీదకు లాక్కుని, వడ్డించడం కూతురికి అప్పగించేది. ఇంకా కావాలేమో కనుక్కోమని లోపల్నుంచి గిన్నె మీద గరిటెతో చిన్నగా కొట్టేది. ఆ పిల్లాడు మంచివాడు. నవ్వుకుని, ఇంకో గరిటెడు వేయించుకునేవాడు.

"ఎందుకమ్మా ఈ కాలంలో ఇంకా?" అని ఒకసారి అడిగాను.

"మా అమ్మ మా ఇంటాయనతో మాటాడకుండానే పోయింది అన్నయ్యా. ఆయన మీద దానికి ఎంత ఇదో నాకు తెలుసును. అల్లుడంటే మాకు దేవుడి తరవాత దేవుడు. దేవుడితో లొడలొడా మాటాడతామేటి?" అంది.

నేను ప్రతి ఆదివారం దేవుడితో లొడలొడా మాట్లాడేవాణ్ణే కాబట్టి నోరు మూసుకున్నాను.

కూతురూ అల్లుడూ దేశం దాటాక కూడా అదే పద్ధతి. కూతురితో రోజూ మాట్లాడుతుంది. అల్లుడు లైన్లోకొస్తే ఫోన్ చటుక్కున భర్త చేతిలో పెట్టేస్తుంది. పెట్టి ఊరుకోదు. "జొరం తగ్గిందేటో అడగండి. సలికి స్వెట్టరు యేసుకుంటన్నారేటో అడగండి. అక్కడ పెరుగు తోడుకుంటందా అని అడగండి." గురునాథరావు అన్నీ కలిపి, "బాగున్నావా బాబూ?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేసేవాడు. ఆ తర్వాత వాళ్లింట్లో జరిగే తగువు గోడ ఇవతల నాకు బాగానే వినిపించేది.

సాయిదుర్గకి మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నిలిచింది గానీ, మంచం దిగొద్దని అక్కడి డాక్టర్లు కట్టడి చేశారు. విమానం మాటే ఎత్తొద్దన్నారు. మామూలుగా అయితే మొదటి పురుడు పుట్టింట్లో జరగాలి. పిల్ల రాలేదు కాబట్టి తల్లే వెళ్లాలి. గౌరీశ్వరికి అందులో సందేహం ఏమీ లేదు. పాత నూలు చీరలు చింపి, ఉతికి, ఎండలో ఆరేసి పొత్తిగుడ్డలు మడత పెట్టింది. బాలింతకు పెట్టే కాయం కోసం సొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం పోగేసింది. జాలరిపేట నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే కాశమ్మ, బాలింతకి పాలు పడాలంటే పిల్లసొర పెట్టాలని చెబితే, "అది ఇమానంలో ఎక్కనిత్తారా అన్నయ్యా?" అని నన్నడిగింది. ముందు నిన్నెక్కనివ్వాలి కదమ్మా, అన్నాను. వేళాకోళానికే అన్నాను.

ఎక్కాలంటే కావలసింది స్పాన్సర్ అఫిడవిట్. ఈ మాట ఇప్పుడు మా గోపాలపట్నంలో రేషన్ కార్డంత మామూలైపోయింది. వెళ్లేవాళ్ల దగ్గర డబ్బుందా లేదా అని ఆ దేశం వాళ్లకు అనుమానం. అందుకని అక్కడున్న మనిషి, ఈమె తిండి, వసతి, వైద్యం, తిరుగు టిక్కెట్టు అన్నీ నావీ, నేను పూచీ అని ప్రమాణం చేసి, వాళ్ల నోటరీ ముందు సంతకం పెట్టి పంపాలి. కార్తీక్ జీతం కాగితాలతో సహా అన్నీ పంపాడు. ఇన్నేళ్లుగా ఇలాంటివి చూస్తున్నాను, అంత శుభ్రంగా వచ్చిన కాగితాలు చాలా తక్కువ.

చదివి చెప్పమంది. స్టూలు మీద కూర్చోబెట్టి తెలుగులో చెప్పాను. "కార్తీక్ అనే నేను ప్రమాణం చేసి చెప్పేదేమనగా, శ్రీమతి గౌరీశ్వరి నాకు అత్తగారు. ఆవిడ ఇక్కడ ఉన్నంతకాలం ఆవిడ పోషణ, రక్షణ నా బాధ్యత."

చదువుతూ తల ఎత్తేసరికి ఆమె స్టూలు మీద లేదు. లేచి నిలబడి, కొంగు తల మీదకు లాక్కుని, గోడవైపు తిరిగి ఉంది. అల్లుడి సంతకానికి కూడా మర్యాద ఇస్తోంది.

"కాగితమే కదమ్మా, కూర్చో" అన్నాను.

"ఆరి మాట గదా అన్నయ్యా. సదువు, ఇంటన్నాను" అంది. నాకు నవ్వూ వచ్చింది, నవ్వలేకా పోయాను.

అప్లికేషన్ పెట్టాం. కొన్నాళ్లకు ఫలానా రోజు పొద్దున్న ఫోన్ చేసి మాట్లాడతామని మెయిల్ వచ్చింది. దుభాషీ ఉంటుందట. పక్కన ఎవరున్నా జవాబు అందించకూడదట. వాళ్లు అడిగేవన్నీ వరసగా అడిగి ఆమె చేత జవాబులు చెప్పించాను. ఎందుకు వెళ్తున్నావు, ఎన్నాళ్లుంటావు, ఎవరు చూస్తారు, తిరిగి ఎందుకొస్తావు. అడిగినదానికే జవాబు చెప్పు, అబద్ధం మాత్రం చెప్పకు అన్నాను. "నాను అబద్దమాడతానేటి?" అని నా మీదే విరుచుకుపడింది. కొలత దగ్గర అబద్ధమాడిన బండివాళ్ల గతేమైందో నాకు తెలుసు కాబట్టి సరేనన్నాను.

ఆ రోజు గ్రైండర్లు ఆపేసి, స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని నా గదిలోకొచ్చి కూర్చుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. అవతల ఒక దొర గొంతు, దాని వెనక ఒక తెలుగు అమ్మాయి గొంతు. మా వైపు పిల్ల కాదు, బాగా దిద్దిన తెలుగు.

"మీ ఖర్చులు ఎవరు భరిస్తున్నారు?"

"మా అల్లుడుగారండి. రాసిచ్చేరు."

"ఆయన ఏం పని చేస్తారు?"

"సల్లటి గోడౌన్లుంటాయి గదండి, ఆటి మిషన్లు బాగుసేత్తారండి."

"మీరు తిరిగి వస్తారని నమ్మకమేమిటి?"

"మా ఇంటాయన ఇక్కడే ఉన్నారు గదండి. నానెల్లి అక్కడ కూకుంటే నా పిండి ఎవలు రుబ్బుతారు?"

దుభాషీ అమ్మాయి చిన్నగా నవ్వి, ఇంగ్లీషులో చెప్పింది. దొర కూడా నవ్వాడు. అయిపోయింది, గట్టెక్కింది అనుకున్నాను. మా ఆవిడ రోజలిన్ టీ పంపిస్తానంది కదా, ఇంకా రాలేదేమిటని గుమ్మంవైపు చూస్తున్నాను కూడా.

"మీ స్పాన్సర్‌తో, అంటే మీ అల్లుడితో, మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

గౌరీశ్వరి నిటారుగా కూర్చుంది. కొంగు సర్దుకుంది. అన్ని ప్రశ్నల్లోకీ ఇదొక్కటే తన గురించి అడిగారన్నట్టు ఆమె ముఖం వెలిగింది.

"నానెప్పుడూ మాటాడనేదండి" అంది.

నేను చేతులు ఊపాను. ఆమె నా వైపు చూడలేదు.

"పెళ్లైనప్పట్నుంచీ ఒక్కసారి కూడా మాట్లాడలేదా?"

"ఒక్కపాలి కూడా నేదండి. ఆరి మొకమ్మీద మొకమెట్టి సూడనైనా నేదు. అడగండి, మా ఊరోలందర్నీ అడగండి. మాది అలాటి ఇల్లు కాదండి."

తర్వాత ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. పాపం, ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఈమె తన స్పాన్సర్‌తో ఎన్నడూ మాట్లాడలేదట, ముఖం కూడా సరిగ్గా చూడలేదట, ఇది తమ ఇంటి గౌరవమట. దొర ఇంకేమీ అడగలేదు. థాంక్యూ అన్నాడు.

"బాగా సెప్పేనా అన్నయ్యా?" అంది, ఫోన్ పెట్టేశాక. ఏం చెప్పను? బాగానే చెప్పావమ్మా అన్నాను. మా ఇంటి నుంచి టీ వచ్చింది. ఇద్దరం తాగాం.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారి ఉత్తరం కొద్ది రోజుల్లోనే వచ్చింది. స్పాన్సరుకూ మీకూ ఉందని చెప్పిన బంధుత్వం నిజమైనదని మాకు నమ్మకం కుదరలేదు, కాబట్టి ఆయన ఇచ్చిన హామీని లెక్కలోకి తీసుకోలేకపోతున్నాం అని ఉంది. పంపిన పెళ్లి ఫొటోల్లో దరఖాస్తుదారు, స్పాన్సరు కలిసి ఉన్నది ఒక్కటీ లేదని కూడా రాశారు. అదీ నిజమే. ఆ ఫొటోలు నేనే స్కాన్ చేశాను. ఒకదాంట్లో ఆమె స్తంభం పక్కన ఉంది, ఇంకోదాంట్లో వీపు, మరోదాంట్లో కొంగు మాత్రమే కనిపిస్తుంది.

ఆమె అంతా విని, "నానబద్దం సెప్పనేదు గదా?" అంది.

"లేదమ్మా."

"మరి?"

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. దొర మీదా? అతని దేశంలో మాటే చుట్టరికం. ఎన్నడూ మాట్లాడని మనిషికి పూచీ ఇచ్చేవాణ్ణి అతనెక్కడా చూసి ఉండడు. ఈమె మీదా? దుభాషీ పిల్ల మీదా? కోపం ఎక్కువైపోయి, పాపం జిరాక్సుకొచ్చిన ఒక పెద్దాయన మీద అరిచాను.

గౌరీశ్వరి మాత్రం అరవలేదు. ఉత్తరం చేతిలో పట్టుకుని, "ఆరి మాటకి ఇలువ నేదని రాసేరా? నా మూలానా?" అని రెండుసార్లు అడిగింది. వీసా రాలేదన్నదానికంటే అది ఎక్కువ తగిలింది ఆమెకు. ఆ రోజు పిండి పులిసిపోయిందని గొడవకొచ్చిన వాళ్లతో కూడా ఏమీ అనకుండా డబ్బు తిరిగిచ్చేసింది.

కార్తీక్ సంగతి విని ఒక్క మాటైనా తప్పుగా అనలేదు. మళ్లీ అప్లై చేద్దాం, కొత్త అఫిడవిట్ పంపుతానన్నాడు. ఈసారి ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు ఫోన్ రికార్డు జతచేస్తే మంచిదని నేనే చెప్పాను. మర్నాటి నుంచి రోజూ అతనే ఆమెకు ఫోన్ చెయ్యాలని ఒప్పందమైంది. అక్కడ అతనికి భోజన విరామం అయ్యేవేళకి ఇక్కడ ఆమె పిండి రుబ్బే వేళ. చేతులు పిండిలో ఉంటాయి కాబట్టి ఫోన్ పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "కొంచెం నొక్కు అన్నయ్యా" అనేది.

మొదటి రోజు నేను పచ్చ గుర్తు నొక్కి, స్పీకర్ పెట్టాను. "అత్తమ్మా, నేను కార్తీక్‌ని. బాగున్నారా?" అన్నాడు ఆ అబ్బాయి. ఆమె నోరు తెరిచింది. మూసింది. పిండి చేతులతోనే కొంగు తల మీదకు లాక్కుంది. కూరల బండివాళ్లందరినీ వణికించే ఆ నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. అతను కాసేపు ఆగి, "పర్లేదత్తమ్మా, మీరు వినండి చాలు" అన్నాడు. ఆమె, "ఊఁ" అంది. అదే ఆమె ఇచ్చుకోగలిగింది.

అలాగే రోజులు గడిచాయి. అతను చెప్పేవాడు, ఆమె ఊఁ కొట్టేది. దుర్గకి కాళ్లు వాచాయని, చింతపండు చారు అడిగిందని, తను చేస్తే కుదరలేదని, నవ్విందని. కడుపులో బిడ్డ తన్నుతుంటే తన చెయ్యి పెట్టించిందని చెప్పినప్పుడు ఆమె సిగ్గుతో బల్ల కిందకి దూరిపోతుందేమో అనుకున్నాను. అతను పెట్టేశాక ఆమె నాతో గంటసేపు మాట్లాడేది. "సారులో ముందు పోపెట్టేసుంటారు, అందుకే కుదిరుండదు. సెప్పాలనుకున్నాను, నోరు రానేదు." "మాటాడమ్మా, అడగందే అమ్మైనా పెట్టదు" అంటే, "రేపు మాటాడతాను" అనేది. గురునాథరావు ఒక ఆదివారం ఇదంతా చూసి, "ఏటి బావ, దీని నోరు మూయించే మొగోడు ఇన్నాళ్లకి దొరికేడు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

రికార్డులో మాత్రం నిమిషాలు బాగానే కనిపించాయి. ఎవరు మాట్లాడారో, ఎవరు విన్నారో అందులో ఉండదు. కొత్త అఫిడవిట్‌తో కలిపి పెట్టేశాం. ఇక వాళ్లు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూడటం ఒక్కటే పని. డాక్టర్లు చెప్పిన గడువు ఇంకా ఉంది. పొత్తిగుడ్డలు సూట్‌కేసులో ఒక పక్కగా సర్దేసింది.

గడువు రాకముందే ఒకరోజు ఫోన్ మోగింది. రోజూ చేసే వేళ కాదు. గురునాథరావు పోర్టులో ఉన్నాడు. ఆమె మోచేతుల దాకా పిండితో వచ్చి బల్ల దగ్గర నిలబడింది. నేను నొక్కాను.

"అత్తమ్మా" అన్నాడు. అంతే. రోజూ గలగలా మాట్లాడే పిల్లాడు ఆగిపోయాడు.

"ఊఁ" అంది ఆమె. అతను పలకలేదు. వెనక ఎక్కడో చక్రాల బల్ల తోసుకెళ్తున్న చప్పుడు, ఎవరో ఇంగ్లీషులో పిలవడం వినిపించాయి.

"బాబూ" అంది గౌరీశ్వరి. "నా పిల్ల బతికుందా?"

అతనితో ఆమె అన్న మొదటి మాట అది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

"ఉందత్తమ్మా. ఆపరేషన్ చేశారు. దుర్గ బాగానే ఉంది. బాబు పుట్టాడు." మళ్లీ ఆగాడు. "ఏడవలేదత్తమ్మా. వాడు ఏడవనే లేదు. చాలాసేపు చూశారు."

ఆమె రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. నా కాగితాల నిండా పిండి.

"మీకాడ ఎవలున్నారు బాబూ?"

"ఎవరూ లేరత్తమ్మా."

ఏ తల్లైనా ఆ క్షణాన చెప్పే మాట ఒకటుంది. నేనొస్తున్నాను, ఏడవకు అని. ఆ మాట ఆమె పెదవుల దాకా వచ్చింది, నేను చూశాను. అది చెప్పడానికి ఆమెకు ఏ దేశమూ ఇంకా అనుమతి ఇవ్వలేదు. "ఏడవకండి. ఏటైనా తిన్నారా?" అంది చివరికి. అతను చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. ఆమె నిలబడి వింది.

తర్వాత మూడో నాడో నాలుగో నాడో మళ్లీ చేశాడు. చెప్పడానికి నానా అవస్థా పడ్డాడు. "అత్తమ్మా, దుర్గకి పాలు పడుతున్నాయి. నొప్పి తట్టుకోలేకపోతోంది. ఏం చెయ్యాలి?" అల్లుడు అత్తను అడిగే మాట కాదది. ఏ అల్లుడూ ఏ అత్తనూ అడిగి ఉండడు. నేను గది బయటికి వెళ్లబోయాను. ఆమె మాత్రం కొంగు లాక్కోలేదు.

"మల్లిపూలు కట్టాలి బాబూ. గుండెల మీద ఒత్తుగా పెట్టి గుడ్డతో గట్టిగా కట్టాలి. పాలెనక్కెల్లిపోతాయి." ఒక్క నిమిషం ఆగి, "అక్కడ మల్లిపూలు దొరుకుతాయా?" అంది.

"దొరకవత్తమ్మా."

మా వీధి చివర అప్పుడే ఒక ముసలామె బుట్టలో మల్లెపూలు పెట్టుకుని మూర వేస్తోంది. గౌరీశ్వరి అటే చూస్తూ నిలబడింది. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ గుర్తుచేసుకున్నాను. ఒక్కటీ పనికొచ్చేది కనబడలేదు.

ఆ వారంలోనే నేను ఆమెను అడిగాను, అప్లికేషన్ వెనక్కి తీసుకుందామా అని. కాన్పు కోసమని కదా రాశాం. ఆమె నా వైపు తెల్లబోయి చూసింది. "బిడ్డ పోయినా బాలింత బాలింతే గదా అన్నయ్యా. దాని ఒళ్లు పచ్చిదే గదా. కాయం ఎవలు పెడతారు? నీల్లెవలు పోత్తారు?" అంది. నేను జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాసి, ఆస్పత్రి కాగితం జతచేసి పంపాను. సూట్‌కేసులోంచి పొత్తిగుడ్డలు ఆమె తీయలేదు. నేను అడగలేదు.

ఇప్పుడు ఆమె అల్లుడితో బాగా మాట్లాడుతుంది. గంజి ఎలా వార్చాలో, మిరియాల చారు ఎలా పెట్టాలో, పోపు ఎప్పుడు వేయాలో వరసగా చెబుతుంది. అతను కాయితం మీద రాసుకుంటున్నానత్తమ్మా అంటాడు. కొంగు ఊసే లేదు. మొదట్లో నాకు ముచ్చటేసింది, ఇంత కట్టుబాటు ఇంత తేలిగ్గా పోయిందే అని. వింటూ వింటూ ఉండగా తర్వాత అర్థమైంది. ప్రతిసారీ చివర ఆమె, "దుర్గ పాపకి ఒక్కపాలి ఫోనియ్యండి బాబూ" అంటుంది. కాసేపు చప్పుడు ఉండదు. అతను తిరిగొచ్చి, "పడుకుందత్తమ్మా" అంటాడు.

మొన్న వీసా ఆఫీసు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. అదే దొర కాదు గానీ, అదే దుభాషీ అమ్మాయి. నేను గుర్తుపట్టాను. ఈసారి గౌరీశ్వరి పట్టుచీర కట్టలేదు. పిండి చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. పేరు, ఊరు అయ్యాక నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది.

"మీ స్పాన్సర్‌తో మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"పొద్దున్నేనండి. రోజూ మాటాడతన్నాం."

"ఏం మాట్లాడుకుంటారు?"

"అన్నీనండి. ఆరు తిన్నారా, డూటీకెల్లేరా, అన్నీ. ఆయన నా కొడుకు లెక్కండి."

దుభాషీ అమ్మాయి గొంతు తేలికపడినట్టు నాకు తెలిసింది. గబగబా ఇంగ్లీషులో చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడింది. ఈసారి కాగితాలకీ మాటకీ సరిపోయింది, ఇంక ఏ పూజారీ ఆపలేడు అనుకున్నాను. దొర ఇంకొకటి అడిగాడు. దుభాషీ అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పింది.

"మీ అమ్మాయి ఇప్పుడు ఎలా ఉన్నారు? మిమ్మల్ని రమ్మంటున్నారా? ఆమెతో ఎప్పుడు మాట్లాడారు?"

గౌరీశ్వరి ఫోన్ వైపే చూసింది. అబద్ధమాడమ్మా అని నేను మనసులో మొదటిసారి వేడుకున్నాను. అబద్ధం చెప్పొద్దని ఆమెకు చెప్పిన నోరు ఇదే.

"అది మాటాడ్డం నేదండి" అంది. "బిడ్డ పోయిన కాణ్ణించి నాతో ఒక్క మాట కూడా మాటాడనేదు. నానప్పుడు రానేదని."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. దుభాషీ అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది. దొర చివర్లో థాంక్యూ అన్నాడు.

గౌరీశ్వరి లేచి, "బాగా సెప్పేనా అన్నయ్యా?" అని ఈసారి అడగలేదు. గోడ అవతలికి వెళ్లింది. నానబెట్టిన పప్పు ఉంది, రుబ్బకపోతే పాడైపోతుంది. కొంచెం సేపటికి గ్రైండరు తిరగడం వినిపించింది.